జాకెట్ల షాపులో ఈబుక్

నా పుస్తకం పేరు 'జాకెట్ కొలతలు'. ఆ పేరు పెట్టినందుకు నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను. ఎవరైనా ఫోన్ తీసి ఆన్‌లైన్ దుకాణంలో ఆ పేరు కొడితే ముందు జాకెట్లు వస్తాయి. తర్వాత జాకెట్ గుడ్డలు, ఆ తర్వాత టేపులు, కత్తెరలు, కుట్టుమిషను నూనె వస్తాయి. వాటన్నిటి కింద ఎక్కడో, బీరువా అడుగున పడిపోయిన చేతిరుమాలులా నా పుస్తకం ఉంటుంది. అక్కడిదాకా వేలితో జరుపుకుంటూ వెళ్లే ఓపిక ఎవరికుంటుంది?

శంషాబాద్‌లో పాత హైవే పక్క సందులో నాకు జాకెట్లు కుట్టే షాపు ఉంది. ఇన్నేళ్లుగా నా ముందు నిలబడి కొలతలిచ్చిన ఆడవాళ్ల కబుర్లే ఆ పుస్తకం. కొలత ఇచ్చేటప్పుడు ఆడవాళ్లు నిజమే చెబుతారని నా నమ్మకం. చేతులు చాచి, గడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడ్డ మనిషికి అబద్ధం ఆడే తీరిక ఉండదు. ఒప్పుకున్నవాళ్ల సంగతులే రాశాను, పేర్లు ఎక్కడా పెట్టలేదు. అచ్చు వేయిద్దామంటే కాపీలు పెట్టుకునే చోటు లేదు. కటింగ్ టేబుల్ కింద లైనింగ్ గుడ్డల మూటలకే చాలడం లేదు. అందుకని ఫోన్లో వీడియోలు ఆపి ఆపి చూసి, ఈబుక్‌గా నేనే ఎక్కించుకున్నాను.

ఎక్కించడం ఒక ఎత్తు, కొనిపించడం ఒక ఎత్తు. నా పాఠకులు పుస్తకాల షాపు గడప తొక్కేవాళ్లు కాదు. ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పనికి పోయేవాళ్లు, హోటళ్లలో వంట చేసేవాళ్లు, పూలతోటల్లో పనిచేసేవాళ్లు. జాకెట్ ఇవ్వడానికి వస్తారు, గోడకు అంటించిన నా పుస్తకం బొమ్మ చూస్తారు, "గిది నువ్వే రాసినవా?" అని అడుగుతారు. కొందామని ఫోన్ తీస్తారు. అక్కడి నుంచి మొదలవుతుంది నా తంటా.

ఒకామె ఇంటికి పోయి తనే వెతుక్కుని కొన్నానని చెప్పింది. నేను పొంగిపోయాను. వారం తిరక్కముందే మెరూన్ రంగు రెడీమేడ్ జాకెట్ పట్టుకుని వచ్చింది. "నీ పుస్తకం ఒత్తిన అక్కా, గిది వచ్చింది. వాపస్ ఎందుకని ఉంచుకున్న గానీ చంకల కాడ పట్టేసింది. జర కుట్లు ఇప్పు" అంది. నా పుస్తకం అమ్ముడుపోలేదు సరికదా, ఎవరో కుట్టిన జాకెట్‌ను నేను సరిచేసి ఇవ్వాల్సి వచ్చింది. ఇంకో పెద్దమ్మ నా చేతే కొనిపించుకుని, పుస్తకం ఇంటికి వస్తుందని గేటు దగ్గర రోజూ చూసింది. ఫోన్లోనే ఉందని నేను తెరిచి చూపిస్తే, "అయితే నేను ఇంటి గుర్తులు గంత మంచిగ చెప్పింది ఎందుకే?" అని నా మీదే కోప్పడింది. ఆవిడే తర్వాత చదివించుకుని విని, బాగా నచ్చి, ఒకటో నంబరు పుస్తకమని రేటింగ్‌లో ఐదు చుక్కలకు ఒక్క చుక్కే ఇచ్చింది. ఆ చుక్క ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆవిడ మీద ప్రేమ పొంగుతుంది, కొంచెం కోపం కూడా వస్తుంది.

మా షాపు వెనక గదిలో మగ్గం వర్క్ చేసే ముస్లిం అక్క, మేమంతా ఆపా అంటాం, నా అవస్థ చూసి విసుక్కుంది. ఆమెది జల్‌పల్లి. "పేరు కొట్టమని ఎందుకు చెబుతవ్? పుస్తకం లింకు వాట్సాప్‌ల పంపు. దాన్ని ముట్టుకుంటే సీదా పుస్తకం కాడికే పోతది" అంది. అప్పటి నుంచి జాకెట్ ఇచ్చినవాళ్లకు రసీదు, అడిగినవాళ్లకు లింకు. కొనేదాకా పక్కన నిలబడతాను. నంబర్లు ఎక్కడ కొట్టాలో వేలు పెట్టి చూపిస్తాను. పుస్తకం తెరుచుకుని మొదటి పేజీ కనబడ్డప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. చేతులు సరిగ్గా పట్టిన జాకెట్ అద్దంలో చూసుకున్నప్పటి మొహమే అది.

ఇక మా వదిన సంగతి. మా పుట్టింటి ఊరు రావిర్యాల. ఊరి వరసన నాకు అన్న అయ్యే ఒకాయన ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆయన భార్య మా వదిన, హార్డ్‌వేర్ పార్క్ వైపు ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. మనిషి గలగలా మాట్లాడుతుంది, నన్ను పేరు పెట్టి పిలవదు, "ఓ ఆడిబిడ్డా" అని గుమ్మంలోంచే కేకేస్తుంది. ఆమె మాట దాచుకున్నది ఒక్క విషయంలోనే.

పెళ్లయిన మొదటి బతుకమ్మ పండుగకు అన్న చిలకపచ్చ చీర తెచ్చాడు. కొత్త కోడలు, పదిమంది ముందు ఏమంటుంది? "మంచిగుంది" అంది. ఆ మాట పట్టుకుని ఆయన ప్రతి బతుకమ్మకూ చిలకపచ్చే తెస్తున్నాడు. అంచు మారుతుంది, జరీ మారుతుంది, రంగు మారదు. వదినకు ఆ రంగు కంటికి ఆనదు. పండుగనాడు కట్టుకుని ఆడి, ఆనక షాద్‌నగర్‌లో ఉన్న చెల్లెలికి ఇచ్చేస్తుంది. ఆ చెల్లెలి బీరువా తెరిస్తే మామిడితోపులా ఉంటుందని మేం నవ్వుకుంటాం. వదినకు ఇష్టమైనది నేరేడుపండు రంగు. షాపుకి వచ్చినప్పుడల్లా నా టేబుల్ కింద తెగిపడ్డ ముక్కల్లో ఆ రంగువి ఏరుకుని కొంగున కట్టుకుపోతుంది. "చెప్పరాదా అన్నకు?" అంటే, "సంచి విప్పేటప్పుడు ఆయన మొఖం నువ్వు చూడలే. నాకు నచ్చదంటె ఇన్నేండ్ల చీరలన్నీ ఆయన మీద పడ్డట్టు అయితది. ఆయన కోపం జేసే మనిషి గాదు, లోపలనే కుములుతడు" అంది.

దీన్ని పుస్తకంలో చివరి కబురుగా రాస్తానని అడిగాను. వదిన పడీపడీ నవ్వింది. "రాస్కో. మీ అన్న పుస్తకం ముట్టే మనిషా?"

పుస్తకం వచ్చాక అందరికంటే ముందు వదినకే ఫైలు ఊరికే పంపబోయాను. ఆమె ఒప్పుకోలేదు. "నా జాకెట్ నువ్వు ఊకె కుడుతవా? మరి నీ పుస్తకం నేనెందుకు ఊకె చదువాలె? కొనే చదువుత" అని షాపులోనే కూర్చుంది. లింకు ముట్టుకుంది, పుస్తకం కొనే చోటు తెరుచుకుంది. ఇంట్లో అందరి కొనుగోళ్లూ అన్న నంబరు మీదనే. ఆ ఖాతా వదిన ఫోన్లోనూ తెరిచి ఉంది గానీ, ఓటీపీ మాత్రం ఆయన ఫోన్‌కే పోతుంది. సరే అని ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆయన ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో తన వంతు కోసం చూస్తున్నాడు.

"ఓటీపీ వచ్చింది చూడు, నంబర్ చెప్పు" అంది వదిన.

"ఏం కొంటున్నవే?"

"పుస్తకం."

"ఏం పుస్తకం?"

"ఆడోళ్లది. నీకెందుకు? నంబర్ చెప్పు."

ఆయన చెప్పాడు. వదిన ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఆ రోజు మొదటి పేజీ నా ముందే కూడబలుక్కుంటూ చదివింది. నాకు కళ్లు తడిశాయి. నా పుస్తకాన్ని ఎవరెవరో మెచ్చుకున్నారు గానీ, ఆ ఒక్క పేజీకి వదిన పడ్డ కష్టం ముందు అవన్నీ తక్కువే.

కొన్నాళ్లకు వదిన ఫోన్ పట్టుకుని విసవిసా వచ్చింది. "నీ పుస్తకం ఖరాబైంది. నేను ఒక్క కాడ ఆపుత, తెల్లారి తెరిస్తె ఇంకెక్కడనో ఉంటది. నిన్న సంకల జేబు కుట్టించుకునే ముసలామె కాడ ఉండె, నేనైతే గంతదాక పోనే లేదు. పేజీలు దానంతటవే ఉరుకుతున్నయ్."

నేను కంగారుపడ్డాను. ఎక్కించడంలో నేనే ఏదో పొరపాటు చేశాననుకున్నాను. ఇంకెంతమంది ఫోన్లలో ఇలా ఉరుకుతోందో అని భయం వేసింది. పుస్తకం తీసేసి మళ్లీ దించాను. ఫోన్ ఆపి మళ్లీ పెట్టాను. రెండు రోజులకు వదిన మళ్లీ వచ్చింది, పేజీ మళ్లీ ముందుకు జరిగిందని. అప్పుడు మగ్గం మీంచి ఆపా లేచి వచ్చి, చేతిలో సూది అలాగే పట్టుకుని ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫోన్ మంచిగనే ఉంది. ఈ ఖాతా ఎవరి ఫోన్ల ఉంటే, పుస్తకం వాళ్లందరి ఫోన్లలకు వస్తది. ఆఖరికి ఎవరు ఎక్కడ ఆపితే అక్కడనే తెరుచుకుంటది. ఇంకెవరో చదువుతున్నరు వదినా" అంది.

విమానం ఒకటి తల మీదుగా పోయింది. అది పోయేదాకా మా సందులో ఎవరూ మాట్లాడరు, అలవాటు. ఆ చప్పుడు తగ్గేసరికి వదిన మొహంలో రంగు పోయింది. ఆ ఖాతా ఉన్నది రెండు ఫోన్లలోనే. ఒకటి ఆమె చేతిలో ఉంది, రెండోది పార్కింగ్‌లో తన వంతు కోసం చూస్తున్న ఆయన చేతిలో.

"మీ అన్న చదువుతుండా?" అంది. ముందు నవ్వింది. తర్వాత గుర్తొచ్చి కుర్చీలో కూలబడింది. "చిలకపచ్చ చీర దాక వస్తడే."

పుస్తకంలో ఆ కబురు మారుస్తానన్నాను. నా పుస్తకమే కదా, చిలకపచ్చ తీసేసి పసుపు పెడితే సరిపోతుంది అనుకున్నాను. కొత్తగా కొనేవాళ్లకే ఆ మార్పు కనబడుతుందని, ఇప్పటికే దించుకున్న ఫోన్లో పాతదే ఉండొచ్చని ఆపా చెప్పింది. మిగిలింది ఒక్కటే దారి, ఖాతాలోంచి పుస్తకాన్నే తీసెయ్యడం. "తీసెయ్" అంది వదిన. ఫోన్ నా చేతికిచ్చింది. తీసెయ్యాలా అని ఫోన్ అడుగుతోంది, నా వేలు దాని మీదకు పోయింది.

"ఆగు. ఎక్కడిదాక వచ్చిండో ఒకసారి చూడు."

చూశాను. అత్తగారి జాకెట్, కోడలి జాకెట్ తారుమారైన కబురు దగ్గర ఉన్నాడు. వదిన ఆ పేజీ మీదకు వంగి చూసింది.

"నిన్న అన్నం తినుకుంట ఒక్కడే నవ్విండు. ఎందుకంటే చెప్పలే. గీ కబురుకే నవ్విండన్నట్టు." ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. "తియ్యకు ఆడిబిడ్డా. చదువుతుండు గదా. తినే మనిషి ముందలికెళ్లి పళ్లెం గుంజుకుంటమా?"

అలా పుస్తకం ఉండిపోయింది. వదిన తన చదువు ఆపేసింది. రోజూ పొద్దున ఒక్కసారి తెరిచి, ఆయన ఎక్కడ ఆపాడో చూసి, పేజీ కదపకుండా మూసేసేది. దారిలో మా షాపు దగ్గర దిగి ఆ సంగతి నాకు చెప్పేది. నాకు మొదట్లో అది దినదినగండంలా అనిపించింది. రానురాను వదిన మాటల్లో వేరే ఏదో వచ్చింది.

"నిన్న మస్తు చదివిండు. గిరాకీ లేనట్టుంది పాపం, పార్కింగ్‌లనే పొద్దంత ఎండల కూసున్నడు" అనేది ఒకరోజు. ఇంకోరోజు, "ఒక్క పేజీ గూడ జరగలే. మంచిగనే తిరిగినట్టున్నడు, కిరాయిలు దొరికినయ్." ఆయన ఇంటికి వచ్చి ఏమీ చెప్పని మనిషి. ఎట్లుంది అంటే మంచిగనే ఉంది అంటాడు. ఇప్పుడు ఆయన రోజు ఎలా గడిచిందో పేజీ చూసి వదినకు తెలిసిపోతోంది. పేజీలు ఎక్కువ జరిగిన రోజు ఆయనకిష్టమైన పచ్చిపులుసు చేసేది. "ఎందుకు చేసినవో ఆయనకు తెలుసా?" అంటే, "ఆయనకెట్ల తెలుస్తది?" అని మురిసిపోయేది. పెళ్లయి ఇన్నేళ్లయిన మనిషి మొహంలో ఆ మురిపెం చూసి నాకు ముచ్చటేసింది. ఆ పుస్తకం రాసినందుకు నా మీద నాకే గౌరవం కలిగింది.

బతుకమ్మ దగ్గర పడుతుండగా ఒకరోజు వదిన మెల్లగా నడిచి వచ్చింది. కేకెయ్యలేదు.

"వచ్చిండు. చిలకపచ్చ కబురు ఎదురుంగ ఆగిండు."

మర్నాడు పేజీ జరగలేదు. ఆ మర్నాడూ జరగలేదు. గిరాకీ బాగుందేమో అన్నాను. "గిరాకీ లేదు. ఇంటికి తొందరగ వస్తుండు" అంది. ఇంట్లో ఏమన్నా అన్నాడా అంటే తల అడ్డంగా ఊపింది. "ఏమంటలేడు. గదే నా పరేషాన్. కబురు పేరు చూసి అర్థమైందేమో. చదువ బుద్ధిగాక బందు పెట్టిండేమో. నోటితోని నేను చెప్తే అయిపోతుండె, ఫోన్ల చదువుకునే గతి పట్టించిన." ఆ రోజు ఆమె ముక్కలు ఏరుకోలేదు. టేబుల్ కింద నేరేడు రంగు ముక్క నున్నగా మెరుస్తూ పడి ఉంది, చూసి కూడా వంగలేదు. ఆ ఒక్క కబురు రాయకుండా ఉంటే నా పుస్తకానికి ఏం తక్కువయ్యేది అనిపించింది.

తర్వాత కొద్దిరోజులకే మధ్యాహ్నం పూట సందు మొదట్లో క్యాబ్ ఆగింది. మా షాపు గుమ్మం లోపలికి మగవాళ్లు రారు. భార్యల్ని దింపి బయట ఫోన్ చూసుకుంటారు. అన్న చెప్పులు విడిచి, గుమ్మం బయటే నిలబడి, పేపర్లో చుట్టిన పొట్లం చాచాడు. విప్పితే పాత చిలకపచ్చ జాకెట్. ఆడవాళ్లు కొలతకు తెచ్చే జాకెట్ మగమనిషి తేవడం నా అనుభవంలో అదే మొదలు.

"మీ వదిన కొలత. ఇంట్ల ఎరుకలేకుంట తెచ్చిన. పొద్దుగూకక ముందే మళ్ల దండెం మీద ఏస్త" అన్నాడు. నేను గబగబా కొలతలు తీసుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెల్లే, నేరేడుపండు రంగు ముక్క ఒకటియ్యి. దుకాణంల చూపిస్త. నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు."

"చదివినవా అన్నా?"

"ఎప్పుడో చదివిన."

"మరి ఆ కబురు ముందర ఆగినవ్ గదా."

"ఆగలే. ఆఖరు దాక చదివి మళ్ల ఎనకకు తెచ్చి పెట్టిన. మొదట్ల ఆమె చదివినప్పుడు నా పేజీ ఎనకకు పోతుండె, అప్పుడే సమజైంది ఇద్దరికి ఒక్కటే గుర్తని. నేను చదివిన్నని తెలిస్తే పండుగ పూట పరేషాన్ అయితదని ఆడ ఆపిపెట్టిన." ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "ఇంకో ముచ్చట చెప్పాలె. ఆ చిలకపచ్చ నాక్కూడ నచ్చది చెల్లే. కండ్లు మండుతయ్. ఆమెకు ఇష్టమని తెస్తున్న. ఒకసారి దుకాణపాయన వేరే రంగు చూడమంటే కొట్లాడిన గూడ."

నేను నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. వదిన వంగి తీసుకోని ఆ ముక్కే టేబుల్ కింద నుంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని ఫోన్ వెనక, పారదర్శకంగా ఉండే కవరు లోపల జాగ్రత్తగా పెట్టుకుని పోయాడు. చీర తెచ్చి నాకు చూపించినప్పుడు ముక్క పక్కన పెట్టి చూశాం. రెండూ ఒకటే రంగు.

ఆ జాకెట్ కుట్టినన్ని రోజులు నా నోరు కట్టేసుకున్నాను. వదిన వచ్చి పేజీ జరగలేదని దిగులుగా చెబుతుంటే, జాకెట్ నా ఒడిలో లైనింగ్ కింద దాచి ఊఁ కొట్టాను. అంత కష్టం నా జన్మలో పడలేదు.

పండుగ వెళ్లిన మర్నాడు "ఓ ఆడిబిడ్డా" అన్న కేక సందు మొదటి నుంచే వినిపించింది. వదిన నేరేడు రంగు చీరలోనే వచ్చింది, క్యాంటీన్‌కు పోయే పొద్దున. పండుగ చీర పనిలోకి కట్టుకుపోతావా అంటే, "ఇన్నేండ్లు కట్టంది ఇప్పుడు కట్టాలె, ఇప్పటికే ఆలస్యమైంది" అంది. ఫోన్ తెరిచి నా ముందు పెట్టింది. పుస్తకం ఆఖరి పేజీలో తెరుచుకుంది.

"చీర నా చేతుల పెట్టి, ఫోన్ తీసి, నా ముంగటనే గిక్కడిదాక జరిపిండు. ఒక్క మాట గూడ అనలే" అంది. అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆపా మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి చీర అంచు పట్టుకుని చూసింది. నేనూ చూశాను. కాసేపు పని ఆగిపోయింది.

పోయే ముందు వదిన, "ఇసుంటిది ఇంకో పుస్తకం ఉంటే చూపియ్యి, కొంట" అంది. నాకు నచ్చిన ఒక పుస్తకం లింకు పంపి, "ఈసారి నీ నంబరు మీద వేరే ఖాతా తెరిచి ఇస్త వదినా. నీ పుస్తకం నీ ఒక్కదానికే ఉంటది, పేజీ ఎవరూ కదపరు" అన్నాను.

"ఒద్దు. ఆయన నంబర్ మీదనే."

లింకు ముట్టుకుని, ఆయనకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. వెనక పార్కింగ్‌లో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. "పుస్తకం కొంటున్న, ఓటీపీ చెప్పు" అంది. ఈసారి ఆయన ఏం పుస్తకమని అడగలేదు.

"చెప్తున్న, కొట్టు. ఈసారి ముందుగాల నువ్వు చదువు, నీ ఎనక నేనొస్త."

వదిన ఒక్కో అంకె నెమ్మదిగా కొట్టింది.